గమన నియమాలంటే ఏమిటి? భిలాయ్ రైలు పట్టాపై న్యూటన్ లెక్కలు

భిలాయ్ (ఛత్తీస్‌గఢ్): దుర్గ్ జిల్లాలోని భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తయారయ్యే అతి పొడవైన రైలు పట్టా 130 మీటర్లు ఉంటుంది. మీటరుకు 60 కిలోల చొప్పున లెక్కిస్తే దాని ద్రవ్యరాశి దాదాపు 8 టన్నులు. అలాంటి రెండింటిని అతికి 260 మీటర్ల పట్టాగా రైల్వేకు పంపుతారు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో ఏర్పాటై, 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఈ కర్మాగారం దశాబ్దాలుగా భారతీయ రైల్వేకు పట్టాలు అందించే ప్రధాన కేంద్రం. విజయవాడ నుంచి కాజీపేట వెళ్లే ప్రయాణికుడి కింద ఉన్న పట్టా కూడా చాలావరకు ఇక్కడి కొలిమిలో పుట్టినదే.

ఆ పట్టా మీద రైలు ఎలా కదులుతుంది? కదిలాక వెంటనే ఎందుకు ఆగదు? లోకో పైలట్ బ్రేకు వేశాక కూడా కిలోమీటరు దూరం ఎందుకు పోతుంది? ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం ఐజాక్ న్యూటన్ 1687లో లండన్‌లో లాటిన్ భాషలో వెలువరించిన 'ప్రిన్సిపియా' గ్రంథంలోని మూడు నియమాల్లో ఉంది. పాఠశాలలో వీటిని కంఠస్థం చేయని వారు అరుదు. అయినా, దూరంగా రైలు కనిపిస్తున్నా 'ఈలోగా దాటేయవచ్చు' అనుకుని పట్టాలపై అడుగు పెట్టేవారిలోనూ ఆ పాఠం చదివినవారు ఉంటారు. నియమం నోటికి రావడం వేరు, దాని అర్థం ఒంటికి పట్టడం వేరు.

మాటల దగ్గరే మొదలయ్యే చిక్కు

నిత్య వ్యవహారంలో బలం, శక్తి, ఊపు, వేగం అనే మాటలను మనం ఒకదాని స్థానంలో మరొకటి వాడుతుంటాం. భౌతిక శాస్త్రంలో అది కుదరదు. ఒక వస్తువును నెట్టేదీ లాగేదీ బలం. ఆ బలంతో వస్తువు కొంత దూరం కదిలితే జరిగినది పని. పని చేయగలిగే నిల్వ శక్తి. ఎంత త్వరగా పని జరిగిందో చెప్పేది సామర్థ్యం. గోడను గంటసేపు నెట్టినవాడు బలం ప్రయోగించాడు, చెమటోడ్చాడు. అయినా గోడ కదలలేదు కనుక శాస్త్రం దృష్టిలో గోడపై జరిగిన పని సున్నా. ఈ తీర్పు అన్యాయంగా తోచవచ్చు గానీ, లెక్కలు కుదరాలంటే ఇది తప్పదు.

తెలుగు పాఠ్యపుస్తకాలు ఇక్కడ ఒక మేలు చేశాయి. దిశతో నిమిత్తం లేకుండా ఎంత తొందరగా పోతోందో చెప్పేదానికి 'వడి' అన్నాయి. దిశతో కలిపి చెప్పేదానికి 'వేగం' అన్నాయి. గంటకు 60 కి.మీ. వడితో మలుపు తిరుగుతున్న రైలు వడి మారదు, వేగం మాత్రం క్షణక్షణమూ మారుతుంది. ఉద్యోగాల కోసం వచ్చి భిలాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు హిందీ మాధ్యమంలో చదివితే ఇవే భావనలను 'చాల్', 'వేగ్' అని నేర్చుకుంటారు. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చే రాశిని హిందీలో 'సంవేగ్' అంటారు. తెలుగులో అది 'ద్రవ్యవేగం'. ఈ విషయంలో తెలుగు మాటకే మొగ్గు చూపవచ్చు. నిర్వచనం పేరులోనే ఉంది.

అన్నింటికన్నా ఎక్కువ గందరగోళం ద్రవ్యరాశికీ బరువుకూ మధ్య. వస్తువులో ఉన్న పదార్థ పరిమాణం, అంటే కదలికలో మార్పును ఎంతగా నిరోధిస్తుందో తెలిపే కొలత, ద్రవ్యరాశి. దాన్ని కిలోల్లో కొలుస్తాం. భూమి ఆ వస్తువును తన వైపు లాగే బలం బరువు. దాన్ని న్యూటన్లలో కొలుస్తాం. ఒక కిలో ద్రవ్యరాశిని భూమి దాదాపు 9.8 న్యూటన్ల బలంతో లాగుతుంది. అరచేతిలో 100 గ్రాముల వస్తువును పట్టుకుంటే తెలిసే భారం సుమారు ఒక న్యూటన్. కూరగాయల అంగడిలో ఈ తేడా ఎవరికీ అక్కరలేదు. క్రేన్ తీగ మందం నిర్ణయించే ఇంజినీరుకు మాత్రం ఇది లేనిదే గడవదు.

మొదటి నియమం: ఆగడానికీ కారణం కావాలి

బయటి నుంచి ఫలిత బలం పని చేయనంత వరకు నిశ్చలంగా ఉన్న వస్తువు నిశ్చలంగానే ఉంటుంది, కదులుతున్న వస్తువు అదే వేగంతో సరళరేఖలో కదులుతూనే ఉంటుంది. ఇది మొదటి నియమం. వస్తువుకున్న ఈ స్వభావమే జడత్వం.

ఈ వాక్యంలో మొదటి సగాన్ని ఎవరైనా నమ్ముతారు. రెండో సగమే మనసుకు ఎక్కదు. ఎద్దులు ఆగితే బండి ఆగుతుంది, తొక్కడం మానితే సైకిల్ ఆగుతుంది. కాబట్టి కదలిక కొనసాగాలంటే బలం ఉండాలన్నది అనుభవం చెప్పే మాట. ప్రాచీన గ్రీసులో అరిస్టాటిల్ అదే అన్నాడు, ఆ అభిప్రాయం రెండు వేల ఏళ్లకు దగ్గరగా నిలిచింది. నున్నని వాలు పలకలపై గోళీలు దొర్లించి పరీక్షించిన ఇటలీ శాస్త్రవేత్త గెలీలియో ఆ అభిప్రాయాన్ని తలకిందులు చేశాడు. తలం ఎంత నునుపుగా ఉంటే గోళీ అంత దూరం పోతోంది. ఘర్షణే లేకపోతే అది ఆగవలసిన పని లేదు. బండిని ఆపింది ఎద్దులు లాగకపోవడం కాదు, నేల పట్టి లాగడం.

భారతీయ తాత్విక సంప్రదాయంలోనూ ఈ ప్రశ్నపై చర్చ జరిగింది. వైశేషికులు వేగాన్ని కదిలే వస్తువులో నిలిచి ఉండే ఒక 'సంస్కారం'గా లెక్కించారు. వంచిన కొమ్మ తిరిగి తన స్థితికి రావడానికి కారణమైన 'స్థితిస్థాపకం' మరో సంస్కారం. నేటి తెలుగు భౌతిక శాస్త్ర పుస్తకాల్లోని 'స్థితిస్థాపకత' ఆ మాటే. అయితే న్యూటన్ మూడు నియమాలూ వైశేషిక సూత్రాల్లో యథాతథంగా ఉన్నాయంటూ సామాజిక మాధ్యమాల్లో తిరిగే ప్రచారం సరికాదు. అక్కడ ఉన్నది కదలికకు కారణాల వర్గీకరణ. ఇంత బలానికి ఇంత మార్పు అనే పరిమాణాత్మక నియమం లేదు. ఆ ఆలోచన గొప్పదనాన్ని చెప్పడానికి లేనిది ఆపాదించనక్కరలేదు.

గెలీలియో గోళీకి నేటి రూపం గూడ్సు రైలు. ఉక్కు పట్టాపై ఉక్కు చక్రం దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం చాలా తక్కువ. సమతల మార్గంలో మధ్యస్థ వడితో పోతుంటే ఒక్కో టన్నుకు 10 నుంచి 20 న్యూటన్లు, అంటే కిలో రెండు కిలోల బరువుకు సమానం. 5,000 టన్నుల రైలును అదే వడిలో నిలపడానికి 75 కిలోన్యూటన్ల బలం చాలు. రైలు బరువులో అది ఐదు వందల్లో ఒక వంతు కూడా కాదు. ఇంజను ఆ బలాన్ని వెచ్చించేది రైలును 'నడపడానికి' కాదు, నిరోధాన్ని రద్దు చేయడానికి. ముందుకు 75, వెనక్కి 75. ఫలిత బలం సున్నా. అందుకే వడి మారదు.

కదలని పట్టాలో 75 టన్నులు

ఫలిత బలం సున్నా అంటే బలాలే లేవని కాదు. ఇందుకు రైలు పోని సమయంలో మండుటెండలో పడి ఉన్న పట్టాయే సాక్షి.

ఉక్కు ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే తన పొడవులో లక్షకు 1.15 వంతు పెరుగుతుంది. 260 మీటర్ల పట్టా స్వేచ్ఛగా ఉంటే 40 డిగ్రీల పెరుగుదలకు 12 సెంటీమీటర్లు సాగుతుంది. పాతకాలపు రైలు ప్రయాణంలో వినిపించిన 'టకటక' ఆ సాగుడు కోసం పట్టాల మధ్య వదిలిన సందులది. నేడు పట్టాలను కిలోమీటర్ల పొడవున అతికి, స్లీపర్లకు క్లిప్పులతో బిగించి, కంకరలో పాతేస్తున్నారు. సాగనివ్వని పట్టా ఆ ఒత్తిడిని లోపలే భరిస్తుంది. 60 కిలోల పట్టా అడ్డుకోత వైశాల్యం సుమారు 77 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో డిగ్రీకి దానిలో పుట్టే బలం 18.6 కిలోన్యూటన్లు. 40 డిగ్రీలకు అది దాదాపు 745 కిలోన్యూటన్లు, అంటే 75 టన్నుల బరువుకు సమానం.

ఇంత బలం మోస్తూ కూడా పట్టా కదలకపోవడానికి కారణం ఇరువైపులా నొక్కుడు సమానంగా ఉండటమే. ఉక్కు చితికిపోతుందన్న భయం లేదు. పట్టా నాణ్యతను చెప్పే '880 గ్రేడ్' అనే మాటకు అర్థం చదరపు మిల్లీమీటరుకు కనీసం 880 న్యూటన్ల లాగుడును తట్టుకుంటుందని. ఆ లెక్కన మొత్తం పట్టాను తెంచాలంటే దాదాపు 690 టన్నుల బరువుకు సమానమైన బలం కావాలి. ప్రమాదం మరో వైపు నుంచి వస్తుంది. కంకర వదులై ఒకచోట పక్కకు పట్టు తగ్గితే, సమతుల్యం చెడి పట్టా ఒక్కసారిగా పాములా వంగుతుంది. చలికాలంలో ఇదే బలం లాగుడుగా మారి, అతుకు లోపం ఉన్నచోట పట్టాను విరుస్తుంది. వేసవి మధ్యాహ్నాల్లోనూ, చలి రాత్రుల్లోనూ ట్రాక్‌మెన్ కాలినడకన గస్తీ తిరగడం వెనుక ఉన్న భౌతిక శాస్త్రం ఇదే.

రెండో నియమం: ఎంత బలానికి ఎంత మార్పు

మొదటి నియమం బలం ఎప్పుడు అవసరమో చెబుతుంది. ఎంత అవసరమో రెండోది చెబుతుంది. ద్రవ్యవేగంలో మార్పు రేటు ప్రయోగించిన బలానికి అనులోమానుపాతంలో, ఆ బలం దిశలోనే ఉంటుంది. ద్రవ్యరాశి మారని సందర్భాల్లో దీన్ని 'బలం = ద్రవ్యరాశి × త్వరణం' అని రాస్తాం. త్వరణం అంటే వేగం మారే రేటు. పేరులో త్వర ఉన్నా, తగ్గడమూ త్వరణమే. అప్పుడు దాని గుర్తు రుణం.

దల్లీ రాజహరా గనుల నుంచి భిలాయ్‌కి ఇనుప ఖనిజం రైళ్లలోనే వస్తుంది. నిండుగా ఉన్న ఒక గూడ్సు రైలు ద్రవ్యరాశిని 5,000 టన్నులనుకుందాం. దాన్ని లాగే డబ్ల్యూఏజీ-9 తరగతి విద్యుత్ ఇంజను బయలుదేరేటప్పుడు సుమారు 460 కిలోన్యూటన్ల బలంతో లాగగలదు. నిరోధానికి 75 పోతే మిగిలింది 385. దాన్ని 5,000 టన్నులతో భాగిస్తే త్వరణం సెకనుకు సెకనుకు 0.077 మీటర్లు. ఈ బలం చివరిదాకా ఇలాగే ఉందనుకున్నా గంటకు 72 కి.మీ. వడి అందుకోవడానికి నాలుగు నిమిషాలకు పైగా పడుతుంది. వాస్తవంలో ఇంకా ఎక్కువ. ఎందుకంటే ఇంజను సామర్థ్యం సుమారు 6,000 అశ్వసామర్థ్యం దగ్గర పరిమితమై ఉంటుంది. వడి పెరిగేకొద్దీ లాగే బలం తగ్గుతుంది. 72 కి.మీ. దగ్గర అది సగానికి, 225 కిలోన్యూటన్ల వరకు, పడిపోతుంది. బలం, సామర్థ్యం ఒకటి కావన్న మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఎత్తు ఎక్కవలసి వస్తే కథ మారుతుంది. నూరు మీటర్లకు ఒక మీటరు చొప్పున లేచే వాలు కంటికి చదునుగానే కనిపిస్తుంది. కానీ ఆ వాలుపై రైలు బరువులో నూరో వంతు వెనక్కి లాగుతుంది. 5,000 టన్నుల రైలు విషయంలో అది 490 కిలోన్యూటన్లు. ఒక ఇంజను గరిష్ఠ బలానికి మించిన మొత్తం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలాదిల్లా ఖనిజాన్ని విశాఖపట్నం చేర్చే కొత్తవలస–కిరండోల్ మార్గంలో అరకు, అనంతగిరి కొండల మీదుగా రైళ్లను ఒకటికి మించిన ఇంజన్లతో నడపడం అందుకే. అక్కడ ఎక్కడం కన్నా దిగడమే కష్టం. ఎక్కేటప్పుడు బలం చాలకపోతే రైలు నిలిచిపోతుంది. దిగేటప్పుడు ఆపే బలం చాలకపోతే ఏం జరుగుతుందో చెప్పనక్కరలేదు.

క్రేన్ కొక్కెం మీద

ఉక్కు కర్మాగారం లోపల రెండో నియమాన్ని అనుక్షణం పాటించేవారు క్రేన్ ఆపరేటర్లు. ద్రవ ఉక్కుతో నిండిన లేడిల్ ద్రవ్యరాశిని, లెక్క సౌలభ్యం కోసం, 100 టన్నులనుకుందాం. కొక్కేనికి వేలాడుతూ నిశ్చలంగా ఉన్నప్పుడు తీగలపై తన్యత 980 కిలోన్యూటన్లు. స్థిరమైన వడితో పైకి వెళ్తున్నా, కిందికి దిగుతున్నా అంతే. ఇది చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది గానీ మొదటి నియమం చెప్పేది అదే. తేడా అంతా మొదలుపెట్టేటప్పుడు, ఆపేటప్పుడు.

సెకనుకు అర మీటరు వడితో దిగుతున్న లేడిల్‌ను రెండు సెకన్ల వ్యవధిలో ఆపితే తీగలపై తన్యత 1,005 కిలోన్యూటన్లకు పెరుగుతుంది. పట్టించుకోదగ్గ పెరుగుదల కాదు. అదే లేడిల్‌ను సెకనులో పదో వంతులో ఆపితే తన్యత 1,480 కిలోన్యూటన్లు. బరువు మారలేదు, వడి మారలేదు. ఆపిన సమయం ఒక్కటే మారింది. 100 టన్నుల లేడిల్ ఆ క్షణంలో 150 టన్నుల దానిలా తీగను లాగింది. బలాన్ని అది పని చేసిన కాలంతో గుణిస్తే వచ్చేదాన్ని ప్రచోదనం అంటారు. ద్రవ్యవేగంలో మార్పు దానికి సమానం. మార్పు ఎంత ఉండాలో నిశ్చయమైనప్పుడు కాలం తగ్గితే బలం పెరిగి తీరుతుంది. క్యాచ్ పట్టే ఆటగాడు చేతులు వెనక్కి తీసుకోవడం, హెల్మెట్ లోపల మెత్తని పొర ఉండటం, కారు ముందుభాగం నలిగేలా తయారు చేయడం అన్నీ ఆ కాలాన్ని పొడిగించడానికే.

లేడిల్ విషయంలో మరో చిక్కు ఉంది. లోపలిది ద్రవం. పాత్ర ఆగినా, 1,500 డిగ్రీలకు పైగా మరుగుతున్న ద్రవ ఉక్కుకు తన జడత్వం తనకుంటుంది. క్రేన్ అడ్డంగా కదులుతూ హఠాత్తుగా ఆగితే ద్రవం అంచు దాటి చిందవచ్చు. వేలాడుతున్న లేడిల్ ఊగవచ్చు. మెల్లగా మొదలుపెట్టి మెల్లగా ఆపాలన్న నిబంధన మర్యాద కోసం పెట్టింది కాదు.

కిలోమీటరు ఎందుకు కావాలి?

1,200 టన్నుల ఎక్స్‌ప్రెస్ రైలు గంటకు 108 కి.మీ. వడితో వస్తోంది. అంటే సెకనుకు 30 మీటర్లు. బ్రేకులు దాని వడిని సెకను సెకనుకూ అర మీటరు చొప్పున తగ్గిస్తాయనుకుంటే, పూర్తిగా ఆగడానికి 60 సెకన్లు పడుతుంది. ఆ నిమిషంలో రైలు 900 మీటర్లు పోతుంది. లోకో పైలట్ ప్రమాదాన్ని గుర్తించి చేయి వేసే రెండు సెకన్లలో మరో 60 మీటర్లు. రెండు లైన్ల మార్గాన్ని నడిచి దాటడానికి ఎనిమిది, పది సెకన్లు కావాలి. ఆ సమయంలో రైలు 240 నుంచి 300 మీటర్లు దగ్గరవుతుంది. ఎదురుగా నేరుగా వచ్చే వస్తువు వడిని కంటితో అంచనా కట్టడం కష్టం. పెద్ద వస్తువు నెమ్మదిగా వస్తున్నట్టు కనిపిస్తుంది. రైలు ఆగలేదు, పక్కకు తప్పుకోనూ లేదు.

ఈ లెక్కలో అసలు కీలకం వడి వర్గం. ఆగే దూరం వడితో కాక, వడి వర్గంతో పెరుగుతుంది. 108 నుంచి 130 కి.మీ.కి వడి పెంచితే పెరుగుదల 20 శాతమే. ఆగే దూరం మాత్రం 900 నుంచి 1,300 మీటర్లకు, అంటే 45 శాతం, పెరుగుతుంది. వడిని సగానికి తగ్గిస్తే దూరం నాలుగో వంతు అవుతుంది. ఒక మార్గంలో రైళ్ల వేగం పెంచుతున్నామని ప్రకటించే ముందు సిగ్నళ్లు, కంచెలు, లెవెల్ క్రాసింగుల విషయంలో ఇన్ని మార్పులు ఎందుకని అడిగేవారికి జవాబు ఈ వర్గంలోనే ఉంది.

గూడ్సు రైలుది ఇంకో ఇబ్బంది. 5,000 టన్నుల రైలును గంటకు 72 కి.మీ. నుంచి కిలోమీటరు దూరంలో ఆపాలంటే 1,000 కిలోన్యూటన్ల బలం వంద సెకన్ల పాటు పని చేయాలి. ఆ బలాన్ని ఇంజను ఒక్కటే ఇవ్వలేదు, ప్రతి వ్యాగన్ బ్రేకూ పట్టాలి. దాదాపు 650 మీటర్ల పొడవున్న గొట్టంలో గాలి పీడనం తగ్గిన సంకేతం చివరి వ్యాగన్‌కు చేరేసరికి కొన్ని సెకన్లు గడుస్తాయి. అప్పటిదాకా వెనుక వ్యాగన్లు ముందువాటిని నెడుతూనే ఉంటాయి.

ఘర్షణ: ఆపేదీ అదే, నడిపేదీ అదే

ఇంకా గట్టిగా బ్రేకు వేస్తే సరిపోదా? సరిపోదు. చక్రాన్ని బ్రేకు ఎంత బిగించినా, రైలును ఆపే బలం చివరికి పట్టాకూ చక్రానికీ మధ్య ఘర్షణ నుంచే రావాలి. ఆ రెండూ తాకే చోటు రూపాయి బిళ్ల కన్నా చిన్నది. నిండు వ్యాగన్ విషయంలో అంత చోటుపై దాదాపు 11 టన్నుల బరువు నిలుస్తుంది. పొడి రోడ్డుపై కారు రబ్బరు టైరుకు ఘర్షణ గుణకం 0.7 వరకు ఉంటుంది. ఉక్కుపై ఉక్కుకు అందులో సగం కూడా దొరకడం కష్టం. తడిసినా, ఆకులు నలిగి జిడ్డు పట్టినా 0.1కి పడిపోతుంది. 108 కి.మీ. వడిలోని కారు 65 మీటర్లలో ఆగగలుగుతుంటే రైలుకు అంతకు పది రెట్లకు మించిన దూరం కావలసి రావడానికి ఇదొక ముఖ్య కారణం. మితిమీరి బిగిస్తే చక్రం తిరగడం మాని జారుతుంది. జారుడు ఘర్షణ స్థైతిక ఘర్షణ కన్నా తక్కువ కనుక ఆగే దూరం పెరుగుతుంది, చక్రం ఒకవైపు అరిగి చదునవుతుంది. ఇంజను కింద చిన్న గొట్టాల నుంచి పట్టాపై ఇసుక చల్లే ఏర్పాటు ఆవిరి యుగం నాటిది. ఇప్పటికీ ఉంది.

ఘర్షణను కదలికకు శత్రువుగానే చూపే పాఠాలు సగం నిజమే చెబుతాయి. భిలాయ్ పట్టాల మిల్లులో సుమారు 1,200 డిగ్రీల వద్ద ఎర్రగా కాగిన ఉక్కు దిమ్మె తిరుగుతున్న రెండు రోలర్ల మధ్యకు చేరుతుంది. రోలర్ల మధ్య సందు దిమ్మె మందం కన్నా తక్కువ. రోలర్లు దాన్ని వెనక్కి తోసేయాలి. తోస్తాయి కూడా. అయితే వాటి ఉపరితలంపై ఘర్షణ దిమ్మెను లోపలికి లాగుతుంది. ఆ లాగుడు తోపుడును మించినప్పుడే దిమ్మె లోపలికి వెళ్లి సాగుతుంది. ఘర్షణే లేకపోతే పట్టా పుట్టదు. పుట్టిన పట్టాపై రైలు నడవదు.

మూడో నియమం: ఒకే వస్తువుపై కాదు

ప్రతి చర్యకూ సమానమైన, వ్యతిరేక దిశలో ప్రతిచర్య ఉంటుంది. మూడు నియమాల్లో ఎక్కువగా ఉటంకింపులకు నోచుకున్నది, ఎక్కువగా అపార్థానికి గురైనదీ ఇదే. రాజకీయ ప్రసంగాల్లో దీన్ని ప్రతీకారానికి శాస్త్రీయ సమర్థనగా వాడటం పరిపాటి. న్యూటన్ చెప్పిన ప్రతిచర్య తర్వాత జరిగేది కాదు. చర్య, ప్రతిచర్య ఒకే క్షణంలో, జంటగా ఉంటాయి. వాటిలో ఏది చర్య, ఏది ప్రతిచర్య అన్నది మన ఇష్టం.

రెండూ సమానం, వ్యతిరేకం అయితే ఒకదాన్నొకటి రద్దు చేసుకోవా అన్నది తరగతి గదిలో తప్పక వచ్చే ప్రశ్న. చేసుకోవు. అవి పని చేసేది వేర్వేరు వస్తువులపై. ఇంజను చక్రం పట్టాను వెనక్కి నెడుతుంది. పట్టా చక్రాన్ని అంతే బలంతో ముందుకు నెడుతుంది. రైలు కదలికను లెక్కించేటప్పుడు రైలుపై పని చేసే బలాలనే చూడాలి. పట్టాపై పడిన బలం పట్టా లెక్కలోకి పోతుంది. అంటే రైలును ముందుకు నెట్టేది, కచ్చితంగా చెప్పాలంటే, ఇంజను కాదు. పట్టా. ఇంజను తన చక్రం ద్వారా పట్టాను నెట్టి, ఆ ప్రతిచర్యను రాబడుతుంది. 123 టన్నుల ఇంజను తన బరువులో మూడో వంతుకు కాస్త మించి లాగగలగడం ఈ పట్టు మీదే ఆధారపడింది. పట్టు తప్పితే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. అందుకే ఇంజన్లను కావాలనే బరువుగా తయారు చేస్తారు.

ఇక పట్టా లెక్క. వెనక్కి, ముందుకు పడే ఈ తోపుళ్లన్నీ పట్టాపై పోగవుతాయి. బ్రేకులు పడే చోట్ల పట్టాలు కాలక్రమంలో రైళ్లు పోయే దిశలో జరుగుతాయి. క్లిప్పులు వాటిని స్లీపర్లకు, స్లీపర్లు కంకరకు, కంకర నేలకు అప్పగిస్తాయి. చివరికి రైలు నెట్టేది భూమిని. భూమి ద్రవ్యరాశి ముందు ఆ త్వరణం లెక్కకు అందనంత చిన్నది.

సమాన బలం సమాన ఫలితాన్ని ఇవ్వదన్న ఈ మాట ఢీకొన్న సందర్భంలో మరింత స్పష్టం. 1,200 టన్నుల రైలు పట్టాలపైకి వచ్చిన 500 కిలోల గేదెను ఢీకొంటే, గేదెపై రైలు ప్రయోగించిన బలమూ, రైలుపై గేదె ప్రయోగించిన బలమూ సమానమే. కానీ రైలు ద్రవ్యరాశి గేదె కన్నా 2,400 రెట్లు. వేగంలో మార్పు రైలుకు ఎంతో, గేదెకు దానికి 2,400 రెట్లు.

మలుపులు, పరిధులు

మలుపు తిరిగే రైలులో బయటివైపుకు తోసినట్టు అనిపిస్తుంది. దీన్ని అపకేంద్ర బలం అంటారు గానీ, ప్లాట్‌ఫాంపై నిల్చుని చూసేవారికి అలాంటి బలమేదీ కనిపించదు. ప్రయాణికుడి శరీరం సరళరేఖలో పోబోతోంది, సీటు దాన్ని లోపలికి తిప్పుతోంది. తిప్పే ఆ బలం అభికేంద్ర బలం. 50 టన్నుల బోగీ 800 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపును 72 కి.మీ. వడితో తిరగాలంటే 25 కిలోన్యూటన్లు కావాలి. మొత్తం భారం చక్రపు అంచుపై పడకుండా బయటి పట్టాను కొంత ఎత్తులో పరుస్తారు. ఇక్కడా వడి వర్గమే వర్తిస్తుంది. మలుపుల వద్ద వేగ నియంత్రణ బోర్డులు అందుకే.

న్యూటన్ నియమాలకు పరిధులున్నాయి. కాంతి వేగానికి చేరువయ్యే వడుల వద్ద ఐన్‌స్టీన్ 1905లో ప్రతిపాదించిన ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతం, పరమాణువుల స్థాయిలో క్వాంటం యాంత్రిక శాస్త్రం వాటి స్థానాన్ని తీసుకుంటాయి. రైలు, క్రేన్, వంతెన, ఉపగ్రహ ప్రయోగం వంటి పనులకు మాత్రం 1687 నాటి లెక్కే నేటికీ ఆధారం.

రైళ్లు ఢీకొనకుండా భారతీయ రైల్వే అభివృద్ధి చేసిన 'కవచ్' వ్యవస్థ చేసేదీ ఆ లెక్కే. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లోని గుల్లగూడ–చిట్‌గిడ్డ స్టేషన్ల మధ్య దీన్ని రైల్వే మంత్రి సమక్షంలో ప్రదర్శించారు. ఇంజనులోని యంత్రం రైలు వడిని, ముందున్న సిగ్నల్ వరకు మిగిలిన దూరాన్ని ఎప్పటికప్పుడు గమనిస్తుంది. ఆ దూరంలో ఆగాలంటే ఈ క్షణంలో ఉండదగిన గరిష్ఠ వడి ఎంతో లెక్కగడుతుంది. వడి ఆ గీత దాటితే ముందు లోకో పైలట్‌ను హెచ్చరిస్తుంది. ఆయన స్పందించకపోతే బ్రేకు తానే వేస్తుంది. ఆ గీతను గీయడానికి వడి వర్గం, రైలు ద్రవ్యరాశి, బ్రేకుల బలం, మార్గపు వాలు కావాలి. దిగుడు మార్గంలో గీత ఇంకా ముందే మొదలవుతుంది.